డాలరు నోటు మీది బొమ్మ... దాని వెనుక ఓ ఆడపిల్ల కష్టం!

అమెరికాలో ఉంటున్న కొడుకో, కూతురో సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పర్సులోంచి ఒక నోటు తీసి, "ఇదిగోనమ్మా, డాలరంటే ఇదే!" అని మీ చేతిలో పెట్టే ఉంటారు. కొందరిళ్లలో ఆ నోటు బీరువాలో పట్టుచీరల మడతల మధ్య ఇప్పటికీ భద్రంగా ఉంటుంది. వీలుంటే ఒకసారి తీసి చూడండి. మధ్యలో గుండ్రటి చట్రంలో ఒక పెద్దమనిషి. వెనక్కి దువ్విన జుట్టు, బిగించి మూసిన నోరు, నవ్వు జాడే లేని ముఖం. ఆయన అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ అని చాలామందికి తెలుసు. మరి ఆ బొమ్మ గీసిందెవరో తెలుసా?

ఆయన పేరు గిల్బర్ట్ స్టువర్ట్. అమెరికా కొత్తగా దేశంగా ఏర్పడిన రోజుల్లో ఆయనంత పేరున్న చిత్రకారుడు అక్కడ ఇంకొకరు లేరు. వెయ్యికి పైగా మనుషుల బొమ్మలు వేశాడు. మొదటి ఆరుగురు అధ్యక్షులూ ఆయన కుంచె ముందు కూర్చున్నవాళ్లే. ఇంతకీ చిత్రం ఏమిటంటే, ఈ నోటు మీద ముఖానికి మూలమైన బొమ్మని ఆయన పూర్తి చెయ్యనేలేదు! 1796లో మొదలుపెట్టి, ముఖం వరకు వేసి, మిగతా బట్టని ఖాళీగా వదిలేశాడు. ఆ అసంపూర్తి బొమ్మే ఆయన ఇంటికి ముప్ఫై రెండేళ్లు అన్నం పెట్టింది. ఆయన కన్నుమూశాక ఆ ముఖానికే నకళ్లు వేసి తల్లినీ, అక్కల్నీ పోషించింది ఆఖరి కూతురు జేన్. తండ్రి పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. కూతురి పేరు అడుగున పడిపోయింది. ఇద్దరి కథా తెలుసుకుందాం రండి.

ముక్కుపొడుం మిల్లులో పుట్టినవాడు

1755 డిసెంబరు 3న రోడ్ ఐలాండ్ ప్రాంతంలో ఒక వాగు ఒడ్డున స్టువర్ట్ పుట్టాడు. అప్పటికింకా అమెరికా అనే దేశం లేదు. అవి ఇంగ్లండు రాజు కింద ఉన్న వలసలు. స్టువర్ట్ తండ్రి స్కాట్లండు నుంచి వలస వచ్చిన మనిషి. నీటి చక్రంతో తిరిగే ముక్కుపొడుం మిల్లు నడిపేవాడు. కింద మిల్లు, పైన కాపురం! ఆ వలసల్లో ముక్కుపొడుం మిల్లు పెట్టడం అదే మొదలట. వ్యాపారం అంతగా కలిసిరాలేదు. పిల్లాడికి ఆరేళ్లు రాకముందే ఇంటిల్లిపాదీ న్యూపోర్ట్ పట్నానికి చేరారు. ముక్కుపొడుం మాత్రం స్టువర్ట్ ని వదల్లేదు. చివరిదాకా డబ్బా చేతిలో ఉండాల్సిందే!

పిల్లాడికి బొమ్మల పిచ్చి. పద్నాలుగేళ్లు నిండే లోపే ఊళ్లో డాక్టరు గారి రెండు కుక్కల్ని బల్ల కింద పడుకోబెట్టి బొమ్మ వేశాడు. అది న్యూపోర్ట్ లోనే చాలాకాలం చూసేవాళ్లకి ముచ్చట గొలిపింది. కాస్మో అలెగ్జాండర్ అనే స్కాటిష్ చిత్రకారుడు ఆ ఊరొచ్చి, కుర్రాడి చెయ్యి చూసి శిష్యుడిగా తీసుకున్నాడు. తనతో స్కాట్లండు కూడా తీసుకెళ్లాడు. కానీ ఏడాది తిరగకుండానే, 1772లో గురువు చనిపోయాడు. పరాయి దేశం, పదహారేళ్ల వయసు, చేతిలో చిల్లిగవ్వ లేదు. నానా పాట్లూ పడి ఇంటికి చేరాడు పాపం!

లండన్ లో ఆకలి... మంచు మీద అదృష్టం

1775లో ఇంగ్లండుకీ వలసలకీ యుద్ధం మొదలైంది. యుద్ధం రోజుల్లో బొమ్మలు వేయించుకునేవాళ్లెవరుంటారు? స్టువర్ట్ మళ్లీ ఓడెక్కి లండన్ వెళ్లాడు. అక్కడా పూట గడవలేదు. సంగీతం వచ్చు కాబట్టి ఒక చర్చిలో ఆర్గాన్ వాయించే ఉద్యోగం చేసి కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఆఖరికి సిగ్గు విడిచి, లండన్ లో గొప్ప పేరు తెచ్చుకున్న అమెరికన్ చిత్రకారుడు బెంజమిన్ వెస్ట్ కి తన గోడు చెప్పుకుంటూ ఉత్తరం రాశాడు. వెస్ట్ కాదనకుండా తన దగ్గర పనిలో పెట్టుకున్నాడు. అక్కడ అయిదేళ్లు పనిచేసి మెళకువలన్నీ పట్టేశాడు.

1782లో అదృష్టం తలుపు తట్టింది. విలియం గ్రాంట్ అనే స్కాటిష్ పెద్దమనిషి బొమ్మ వేయించుకోవడానికి వచ్చాడు. ఆ రోజు బయట గడ్డకట్టే చలి. "ఇలాంటి రోజున కుర్చీలో కూర్చోవడం కంటే మంచు మీద స్కేటింగ్ చేస్తే బాగుంటుంది" అన్నట్టుగా మాట్లాడాడట. ఇద్దరూ హైడ్ పార్కులో గడ్డకట్టిన చెరువు మీదికి వెళ్లారు. మంచు బీటలు వారేసరికి వెనక్కి వచ్చేశారు. స్టువర్ట్ కి అక్కడే ఆలోచన తట్టింది. నల్ల కోటు, నల్ల టోపీ, చేతులు కట్టుకుని మంచు మీద హాయిగా జారిపోతున్న మనిషి! అప్పటిదాకా నిలువెత్తు బొమ్మలంటే స్తంభం పక్కనో, కుర్చీ పక్కనో బిగుసుకుని నిలబడ్డవే. ఈ బొమ్మని రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెడితే జనం విరగబడి చూశారు. ఒక్క బొమ్మతో స్టువర్ట్ పేరు లండనంతా మారుమోగింది. ఇప్పుడది వాషింగ్టన్ నగరంలో నేషనల్ గ్యాలరీలో ఉంది.

సంపాదన మూరెడు... ఖర్చు బారెడు

1786లో స్టువర్ట్ షార్లెట్ కోట్స్ అనే ఇంగ్లీషు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. వరసగా పన్నెండు మంది పిల్లలు. అప్పటికే ఆయన సంపాదన బాగానే ఉంది. కానీ ఖర్చు దానికి రెండింతలు! మంచి బట్టలు, స్నేహితులకి విందులు, సంగీతం, మద్యం... లెక్క చూసుకునే అలవాటు మాత్రం లేదు. అప్పులవాళ్లు ఇంటి ముందు క్యూ కట్టేసరికి 1787లో భార్యతో సహా డబ్లిన్ వెళ్లిపోయాడు. అక్కడా అదే వరస. బొమ్మ మొదలుపెట్టేటప్పుడే సగం డబ్బు తీసుకునేవాడు. ఆ సగం ఖర్చయిపోయాక మిగతా సగం బొమ్మ వేసే ఓపిక ఉండేది కాదు! పూర్తి కాని బొమ్మలు, తీరని అప్పులు అక్కడే వదిలి 1793లో అమెరికా ఓడెక్కాడు.

ఈసారి ఆయన మనసులో ఒకటే లెక్క. "జార్జ్ వాషింగ్టన్ బొమ్మ వెయ్యాలి. దాని నకళ్లు అమ్మి అప్పులన్నీ తీర్చెయ్యాలి." స్వతంత్రం తెచ్చిన సేనాని, దేశానికి తొలి అధ్యక్షుడు. ఆయన పటం ఇంట్లో పెట్టుకోవాలని ఎవరికుండదు చెప్పండి?

ఈ గొడవలన్నిటి మధ్యా షార్లెట్ ఎలా నెట్టుకొచ్చిందో! దేశం మారినప్పుడల్లా, ఊరు మారినప్పుడల్లా చంటిపిల్లల్ని వేసుకుని సంసారం మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సిందే. ఆవిడ గురించి పుస్తకాల్లో నాలుగు వాక్యాలు కూడా దొరకవు.

ఆ మూతి ఎందుకలా ఉంది?

1795లో ఫిలడెల్ఫియాలో వాషింగ్టన్ మొదటిసారి స్టువర్ట్ ముందు కూర్చున్నాడు. స్టువర్ట్ పద్ధతి ఏమిటంటే, ఎదుటి మనిషిని మాటల్లో పెట్టి, అతను మైమరచి మాట్లాడేటప్పుడు ముఖంలో వచ్చే వెలుగుని పట్టుకోవడం. సైనికుడితో యుద్ధాల గురించి, రైతుతో పంటల గురించి మాట్లాడేవాడు. ముందు పెన్సిలుతో గీతలు గీసుకునేవాడు కాదు. నేరుగా కుంచె పట్టి రంగుతోనే మొదలుపెట్టేవాడు. చర్మం రంగు కోసం రకరకాల రంగుల్ని నున్నగా కలిపెయ్యకుండా పక్కపక్కనే చిన్నచిన్న స్పర్శలుగా పెట్టేవాడు. దూరం నుంచి చూస్తే ఆ చెంపల్లో నిజంగా రక్తం పారుతున్నట్టే ఉంటుంది. బట్టలు, లేసులు మాత్రం ఆయనకి విసుగు. అది దర్జీల పని అన్నట్టు మాట్లాడేవాడట!

అలాంటి మాటకారికి కూడా వాషింగ్టన్ కొరకరాని కొయ్య అయ్యాడు. ఎంత మాట్లాడించినా ముఖంలో కదలిక లేదు. చివరికి గుర్రాల ప్రస్తావన తెస్తే కాస్త కరిగాడని చెబుతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వాషింగ్టన్ కి అప్పటికే దాదాపు పళ్లన్నీ ఊడిపోయాయి. ఆయనకి చెక్క పళ్లు ఉండేవని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్లు, లోహపు తీగలు, స్ప్రింగులతో చేసిన కట్టుడు పళ్లు అవి. నోరు కాస్త వదులు చేస్తే చాలు, బయటికి తన్నుకొచ్చేవి. అందుకే ఎప్పుడూ దవడలు బిగించి ఉంచాల్సి వచ్చేది. డాలరు నోటు మీద ఆ బిగుసుకున్న మూతికి కారణం గర్వం కాదు, పంటి బాధ!

1796లో రెండు ముఖ్యమైన బొమ్మలు వేశాడు. ఒకటి ఎనిమిది అడుగుల ఎత్తున్న నిలువెత్తు బొమ్మ. ఫిలడెల్ఫియాలో ధనవంతులైన బింగ్‌హామ్ దంపతులు ఇంగ్లండులో లార్డ్ ల్యాన్స్‌డౌన్ కి కానుకగా పంపడానికి వేయించారు. రెండోది మన డాలరు నోటు బొమ్మ. దీన్ని అడిగి వేయించింది వాషింగ్టన్ భార్య మార్తా. తమ మౌంట్ వెర్నన్ ఇంట్లో పెట్టుకోవడానికి భర్తదీ, తనదీ జంటగా కావాలంది.

సగం బొమ్మే పాడి ఆవు

జంట బొమ్మలు మొదలయ్యాయి. వాషింగ్టన్ ముఖం చూసి స్టువర్ట్ కే ముచ్చటేసింది. ఇది ఇచ్చేస్తే మళ్లీ ఇలాంటిది రాదు. మరి నకళ్లు దేన్ని చూసి వెయ్యాలి? అందుకని ఒక ఎత్తు వేశాడు. బొమ్మ పూర్తి చేస్తేనే కదా ఇవ్వాలి! అసలు పూర్తే చెయ్యకపోతే? ముఖం, తల వెనుక కాస్త నేపథ్యం వేసి ఆపేశాడు. మార్తా బొమ్మ కూడా అంతే. తల మీద తెల్లటి టోపీ, ముఖం తప్ప కిందంతా ఖాళీ బట్ట. పాపం ఆవిడ ఎదురుచూసిందే కానీ ఆ జంట బొమ్మలు ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఆ ముఖాన్ని చూస్తూ స్టువర్ట్ సుమారు 75 నకళ్లు వేశాడు. ఒక్కొక్కటి వంద డాలర్లు. "నా వంద డాలర్ల నోట్లు" అని వాటిని తనే సరదాగా పిలిచేవాడట. తర్వాత ఆ ముఖమే నిజంగా నోటు మీదికి ఎక్కడం చూస్తే నవ్వొస్తుంది కదూ! ఇంకో విశేషం చెప్పనా? నోటు మీద ముఖం అసలు బొమ్మకి అద్దంలో ప్రతిబింబం లాంటిది. ఒకదాంట్లో కుడికి తిరిగితే రెండోదాంట్లో ఎడమకి తిరిగి ఉంటుంది.

నకళ్లతో బతికేవాడికి దొంగ నకళ్ల బెడద తప్పుతుందా? 1801లో జాన్ స్వోర్డ్ అనే ఫిలడెల్ఫియా ఓడ వ్యాపారి ఒక వాషింగ్టన్ బొమ్మ కొన్నాడు. నకళ్లు తియ్యనని మాటిచ్చి, దాన్ని తిన్నగా చైనాలో కాంటన్ రేవుకి పట్టుకెళ్లాడు. అక్కడి పనివాళ్ల చేత అద్దాల మీద వంద దాకా నకళ్లు వేయించి తెచ్చి అమ్మకానికి పెట్టాడు. స్టువర్ట్ 1802లో కోర్టుకెక్కి అమ్మకం ఆపించాడు. తన చేతి పని విలువ ఆయనకి అంత బాగా తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కూతురి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పనికొస్తుంది.

స్టువర్ట్ బొమ్మల్లో ఆడవాళ్లు

వాషింగ్టన్ బొమ్మల గొడవలో పడి స్టువర్ట్ వేసిన స్త్రీల చిత్రాల్ని మరిచిపోకూడదు. న్యూయార్క్ వర్తకుడు రిచర్డ్ యేట్స్ భార్య కేథరిన్ బొమ్మ 1793-94 ప్రాంతంలో వేశాడు. ఆవిడ దర్జాగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోలేదు. సూదిలో దారం లాగుతూ, పని ఆపకుండానే ఒక్కసారి తలెత్తి చూస్తుంది. 'బొమ్మ కోసం ఊరికే కూర్చోమంటే నాకెక్కడ కుదురుతుంది నాయనా' అన్నట్టుంటుంది ఆ చూపు! మన ఇళ్లలో ఇలాంటి పెద్దమ్మలు ఎంతమంది లేరు!

రెండో అధ్యక్షుడి భార్య అబిగైల్ ఆడమ్స్ ది ఇంకో కథ. ఆవిడ 1800లో స్టువర్ట్ ముందు కూర్చుంది. బొమ్మ పూర్తయి చేతికి అందింది 1815లో. పదిహేనేళ్లు! ఉత్తరాలు రాశారు, మనుషుల్ని పంపారు, మొరపెట్టుకున్నారు. అయినా ఆయన కదల్లేదు. చేతికొచ్చేసరికి ఆవిడ డెబ్భై ఏళ్ల ముసలావిడ.

ఇక డాలీ మాడిసన్. నాలుగో అధ్యక్షుడి భార్య. 1804లో స్టువర్ట్ ఆవిడ బొమ్మ వేశాడు. పదేళ్ల తర్వాత, 1814 ఆగస్టు 24న ఇంగ్లీషు సైన్యం వాషింగ్టన్ నగరం మీదికి వచ్చింది. అధ్యక్ష భవనం వదిలి పారిపోవాల్సిన క్షణంలో డాలీ పట్టుబట్టి గోడ మీది వాషింగ్టన్ నిలువెత్తు బొమ్మని కాపాడించింది. అది స్టువర్ట్ ల్యాన్స్‌డౌన్ బొమ్మకి నకలు. చట్రం గోడకి మరలతో బిగించి ఉంది. ఊడదియ్యడానికి టైము లేక చట్రం పగలగొట్టి బొమ్మని తీశారు. ఆ సాయంత్రమే భవనం తగలబడింది. బొమ్మని డాలీయే స్వయంగా మోసుకెళ్లిందని కథలల్లారు. కానీ నిచ్చెన ఎక్కి దించింది ఇంటి పనివాళ్లు. ఆనాడు అక్కడ బానిసగా ఉన్న పాల్ జెన్నింగ్స్ అనే కుర్రాడు తర్వాత తన జ్ఞాపకాల్లో ఈ సంగతి స్పష్టంగా చెప్పాడు. 1865లో ఆ పుస్తకం అచ్చయింది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది అవడం కొత్తేమీ కాదన్నమాట!

రంగులు నూరిన పిల్ల

1805లో స్టువర్ట్ బోస్టన్ చేరాడు. చివరిదాకా అక్కడే. 1812లో ఆఖరి సంతానంగా జేన్ పుట్టింది. తండ్రి తర్వాత కుంచె పట్టాల్సిన కొడుకు చార్లెస్ 1813లో చిన్నవయసులోనే పోయాడు. మిగిలిన పిల్లల్లో తండ్రి చెయ్యి వచ్చింది జేన్ కే.

ఆ రోజుల్లో రంగులు ఇప్పటిలా ట్యూబుల్లో దొరికేవి కావు. ట్యూబు కనిపెట్టింది 1841లో. అంతకుముందు రంగు మట్టిని, పొడిని నున్నటి రాతి పలక మీద వేసి, అవిసె నూనె పోసి, అడుగు చదునుగా ఉండే రాయితో గంటల తరబడి నూరాలి. మన సన్నెకల్లు మీద పప్పు నూరినట్టే అనుకోండి. ఎక్కడా పలుకు తగలకూడదు. ఒక్కో రంగుకి ఒక్కో పాకం. జేన్ కి ఇంట్లో అప్పగించిన పని ఇదే. తర్వాత తర్వాత తండ్రి బొమ్మల్లో వెనుక భాగాలకి రంగు నింపే పని కూడా చేసింది.

మరి తండ్రి కూర్చోబెట్టి నేర్పాడా? లేదు. ఊళ్లోంచి, పరాయి ఊళ్లనుంచి వచ్చిన కుర్రాళ్లకి ఓపిగ్గా మెళకువలు చెప్పేవాడు. కూతురికి ఎందుకు నేర్పవని ఎవరో అడిగితే, మంచి జాతి కుక్కపిల్లని నీళ్లలో పడేస్తే దానంతట అదే ఈదుతుంది అన్నట్టు జవాబిచ్చాడట! ఆయన ధీమా ఆయనది. ఈదాల్సిన పిల్ల సంగతి ఎవరికి పట్టింది? జేన్ రంగులు నూరుతూనే, ఆ కుర్రాళ్లకి తండ్రి చెప్పే పాఠాలన్నీ చెవిన వేసుకుంది. పులి కడుపున పులే పుట్టింది మరి!

పదహారేళ్లకే ఇంటి బరువు

చివరి రోజుల్లో స్టువర్ట్ కి పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. అయినా కుంచె వదల్లేదు. 1828 జూలై 9న బోస్టన్ లో కన్నుమూశాడు. అప్పటికి 72 ఏళ్లు. ఇంట్లో చూస్తే అప్పులు తప్ప ఏమీ లేవు. సమాధికి సొంత స్థలం లేక ఇంకొకరి సమాధి గదిలో పెట్టారు. తర్వాత కొన్నేళ్లకి న్యూపోర్ట్ తీసుకెళ్దామని ఇంటివాళ్లు అనుకున్నా, ఏ సమాధిలో పెట్టారో ఆనవాలు పట్టలేకపోయారు. అధ్యక్షుల్ని కలకాలం గుర్తుండేలా చేసినవాడికి చివరికి దక్కింది అదీ!

ఊరివాళ్లు మాత్రం మంచి పని చేశారు. అదే ఏడాది ఆగస్టులో బోస్టన్ అథీనియం అనే సంస్థ ఆ కుటుంబం కోసం ఒక ప్రదర్శన పెట్టింది. జనం తమ ఇళ్లలో ఉన్న స్టువర్ట్ బొమ్మలు 250కి పైగా అరువిచ్చారు. టిక్కెట్ల మీద వచ్చిన డబ్బు ఇంటికి చేరింది. వాషింగ్టన్ అసంపూర్తి బొమ్మని జనం మొదటిసారి చూసింది అక్కడే. 1831లో షార్లెట్, కూతుళ్లు ఆ జంట బొమ్మల్ని అథీనియం కోసం 1,500 డాలర్లకి అమ్మేశారు. అందుకే వాటికి అథీనియం బొమ్మలు అన్న పేరు నిలిచిపోయింది.

ఆ 1,500 ఎన్నాళ్లొస్తాయి చెప్పండి? తల్లి, పెళ్లికాని ముగ్గురు అక్కలు. మగదిక్కు లేని ఇల్లు. తండ్రి పోయేనాటికి జేన్ కి పదహారేళ్లు. ఆ పిల్లే కుంచె పట్టి నిలబడింది. బోస్టన్ లో సొంతంగా స్టూడియో పెట్టుకుంది. జనం కోరేది ఒక్కటే, స్టువర్ట్ వేసిన వాషింగ్టన్! తండ్రి పోయినా ఆ ముఖానికి గిరాకీ పోలేదు. నిలువెత్తువి, ఛాతీ వరకు ఉన్నవి, అరచేతిలో ఇమిడే చిన్నవి... ఏది అడిగితే అది వేసింది. సొంత ఊహతో కథల్లో ఘట్టాలు, మనుషుల బొమ్మలు కూడా వేసి బోస్టన్ లోనూ, న్యూయార్క్ లోనూ ప్రదర్శనల్లో పెట్టింది. కానీ బియ్యం డబ్బాలో బియ్యం ఉండాలంటే వాషింగ్టన్ ముఖమే మళ్లీ మళ్లీ వెయ్యాలి.

ఒక్కసారి ఆలోచించండి. తనకంటూ ఏదో వెయ్యాలని మనసు లాగుతుంటే, ఒకే ముఖం, అదే బిగించిన మూతి, ఏళ్ల తరబడి! తండ్రికైతే అప్పు తీరకపోయినా మరో ఊరు ఉండేది. జేన్ ఎక్కడికీ వెళ్లిపోలేదు. వెళ్లిపోతే ఆ నలుగురికి అన్నం ఎవరు పెడతారు?

మంటల పాలైన కష్టం

1850ల్లో జేన్ స్టూడియో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆమె వేసిన బొమ్మలు, తండ్రి జ్ఞాపకంగా దాచుకున్న ఉత్తరాలు ఎన్నో బూడిదయ్యాయి. ఆ తర్వాత బోస్టన్ వదిలి, తండ్రి పెరిగిన న్యూపోర్ట్ లోనే స్థిరపడింది. 1863లో స్నేహితులు సాయం చేస్తే మిల్ స్ట్రీట్ లో ఒక ఇల్లు సమకూరింది. తండ్రి ముక్కుపొడుం మిల్లు మీద పుడితే కూతురు మిల్ స్ట్రీట్ లో స్థిరపడింది, చూశారా!

ఇన్ని కష్టాలు పడ్డ మనిషి ముభావంగా ఉండేదనుకుంటున్నారేమో. కానే కాదు! న్యూపోర్ట్ లో ఎండాకాలం గడపడానికి వచ్చే పెద్ద పెద్ద వాళ్లంతా ఆమె ఇంటికి వచ్చేవాళ్లు. కథలు చెప్పడంలో, పదిమందినీ నవ్వించడంలో తండ్రి మాటకారితనం అంతా ఈమెకే వచ్చింది. పెళ్లి చేసుకోలేదు.

1876లో అమెరికా స్వతంత్రానికి నూరేళ్లు నిండాయి. అప్పుడు స్క్రిబ్నర్స్ మంత్లీ అనే పేరున్న పత్రికలో జేన్ తండ్రి గురించి వ్యాసాలు రాయడం మొదలుపెట్టింది. వాషింగ్టన్ బొమ్మలు ఎలా తయారయ్యాయి, తండ్రి చిన్నతనం ఎలా గడిచింది, ఆయన సరదా కబుర్లు... 1877 వరకు మూడు వ్యాసాలు. ఈనాడు స్టువర్ట్ గురించి మనం చెప్పుకునే ముచ్చట్లలో చాలావరకు ఆ కలం నుంచి వచ్చినవే. ఉత్తరాలు కాలిపోయినా ఆమె జ్ఞాపకశక్తి కాలిపోలేదు కదా! తండ్రి బొమ్మల్ని బతికించింది, తండ్రి కథనీ బతికించింది. 1888లో కన్నుమూసింది.

లెక్క చూస్తే...

ఇంతా చేసి ఆ బొమ్మల విలువ ఎంతకి పోయిందో చెప్తే ముక్కున వేలేసుకుంటారు. షార్లెట్, కూతుళ్లు 1,500 డాలర్లకి అమ్మిన జంట బొమ్మల్ని 1980లో బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, వాషింగ్టన్ నగరంలోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ కలిసి కొన్నాయి. ధర సుమారు 50 లక్షల డాలర్లు! ల్యాన్స్‌డౌన్ నిలువెత్తు బొమ్మ కోసం 2001లో ఒక ధర్మ సంస్థ పోర్ట్రెయిట్ గ్యాలరీకి ఇచ్చింది 2 కోట్ల డాలర్లు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మ్యూజియాల వైపు వెళితే, ఆ బొమ్మల ముందు ఒక నిమిషం నిలబడండి. వీలైతే న్యూపోర్ట్ వైపు కూడా వెళ్లండి. స్టువర్ట్ పుట్టిన మిల్లు ఇల్లు ఇప్పుడు మ్యూజియం. నీటి చక్రం కూడా చూడొచ్చు.

తన బొమ్మకి ఇంకొకడు నకలు తీస్తే కోర్టుకెళ్లిన స్టువర్ట్, ఇంట్లో తన రంగులు నూరి, తన బొమ్మల్లో వెనుక భాగం నింపిన కూతురి పని విలువ ఎంతో లెక్క కట్టాడా? కట్టినట్టు ఎక్కడా కనబడదు. ఆయన్ని తప్పు పట్టడం తేలికే. కానీ మన ఇళ్ల సంగతేమిటి? పోచంపల్లి చీర చూసి ఫలానా ఆయన మగ్గం మీద నేశాడంటాం. దారం ఆసు పోసి పోసి భుజాలు పడిపోయిన ఇల్లాలి పేరు ఎవరూ అడగరు. కొట్లో లెక్కలు రాసే కూతురు, హోటల్లో తెల్లవారుజామున పిండి రుబ్బే కోడలు, టైలరింగ్ షాపులో కాజాలు కుట్టే చెల్లెలు... వీళ్ల పనికి మనం పెట్టే పేరు "ఇంట్లో సాయం".

మీ ఇంట్లో అలాంటి ఆడపిల్ల ఉంటే రెండు పనులు చెయ్యండి. ఒకటి, పని అప్పగించడంతో సరిపెట్టకుండా కూర్చోబెట్టి ఆ విద్య పూర్తిగా నేర్పించండి. తనంతట తనే ఈదుతుందిలే అని వదిలెయ్యకండి. రెండు, ఆ పని ఆమె చేసిందని పదిమందిలో చెప్పండి. బోర్డు మీద పేరు రాయించగలిగితే మరీ మంచిది. జేన్ కి ఆ రెండూ దక్కలేదు. అయినా ఈదింది, నలుగుర్ని ఒడ్డుకి చేర్చింది. అందరు ఆడపిల్లలకీ అంత గుండె ధైర్యం ఉండాలని మనం ఎందుకు కోరుకోవాలి?